నా బిడ్డకు రావలసిన ఫోను

మా ఊరి గ్రంథాలయంలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం గురించిన పుస్తకాలకు ఇప్పుడు ఒక బీరువా ప్రత్యేకంగా ఉంది. అందులో ఉన్నవన్నీ నేను చదివాను, కొన్నయితే రెండుసార్లు. ఆ పుస్తకాల్లో తల్లులు కనబడిన చోటల్లా ఒకటే పని చేస్తుంటారు. బిడ్డల నుదుట బొట్టు పెట్టి రోడ్డు మీదికి పంపుతుంటారు. లేదంటే రాజీవ్ రహదారి మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టి, గంటె పట్టుకొని, నవ్వుతూ ఫొటోకు నిలబడతారు.

నేను పంపలేదు. పంపని తల్లులు మా వాడలోనే చాలామంది ఉండేవాళ్లు. వాళ్లెవరూ రాయరు. రాయడం వచ్చిన నేను కూడా రాయకపోతే ఆ బీరువాలో ఒక అబద్ధం అలాగే ఉండిపోతుంది. అందుకే ఇది రాసి పెట్టాలనుకున్నాను. సంజాయిషీ కోసం కాదు. నేను చేసిన పనికి సంజాయిషీ లేదని నాకు తెలుసు. కానీ నా మీద కోపంగా ఉన్నవాళ్ల మీద నాకూ ఇంకా కోపం ఉంది. దాన్ని కూడా దాచకుండా రాస్తాను.

నేను బడికి పోయింది ఏడో తరగతి దాకానే. పెళ్లయి సిద్దిపేటకు వచ్చాక ఇంటి ముందు గదిలో కుట్టుమిషను వేసుకొని జాకెట్లు కుట్టేదాన్ని. బిడ్డ బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది, ఒకరోజు ఆమెను దింపి వస్తూ శాఖా గ్రంథాలయం మెట్లెక్కాను. పేపర్లు చదువుతున్న మగవాళ్లంతా తలలెత్తి చూశారు. వాళ్లలో ఒకాయన అడిగాడు, "ఎవలు గావాలమ్మా?"

"పుస్తకం," అన్నాను.

లోపల 'స్త్రీలకు' అని రాసిన బెంచీ ఒకటి ఉంది. దాని మీద నలుగురు మగవాళ్లు కూర్చొని ఉన్నారు. వాళ్లను లేపి కూర్చున్నాను. అప్పటినుంచి శుక్రవారం సెలవు తప్పిస్తే ఆ బెంచీ నాదే. నవలలు, ఆరోగ్యం, చరిత్ర, రాజ్యాంగం, మనస్తత్వ శాస్త్రం, దొరికిన వరుసలో చదివాను. నచ్చినవి రెండు వందల పేజీల నోట్‌బుక్కులో ఎక్కించుకునేదాన్ని. కొత్త రాష్ట్రం ఎట్లా ఏర్పడుతుందో చెప్పే రాజ్యాంగం మూడో అధికరణాన్ని నేను పూర్తిగా రాసుకున్నాను. మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. వాళ్ల సంఘంలో ఎవరికీ తెలియని ఆ సంగతిని అన్నం వడ్డిస్తూ ఆయనకు నేనే వివరించాను. ఆయన కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకొని విన్నాడు. ఈ మాట రాసుకోవడానికి నాకు సిగ్గు లేదు. చదువు నాకు ఎవరో ఇచ్చింది కాదు.

సకల జనుల సమ్మె మొదలయ్యేనాటికి బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. పదిహేడేళ్లు. డిగ్రీ చదివించి గ్రూప్స్ పరీక్ష రాయించాలని, ఆమెకొక ఆఫీసు గది, తలుపు పక్కన పేరున్న పలక ఉండాలని నేను అనుకున్నాను. దానికి అడ్డం వచ్చేది ఒక్కటే, పోలీసు కేసు. పేరు ఒక్కసారి స్టేషన్లో ఎక్కితే సర్కారు నౌకరీ రాదని ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో అనుకునేవాళ్లు. అందుకే బిడ్డకు ఖరాఖండిగా చెప్పాను. "రోడ్డెక్కేటోళ్లు మస్తుమంది ఉన్నరు. నువ్వు సదువుకో. రాష్ట్రమొచ్చినంక ఆఫీసుల కూసునేటోళ్లు గూడ గావాలె కద."

ఆమె తలూపి పుస్తకం తెరిచింది. ఆ తలూపడంతోనే మొదలైంది.

ఎప్పుడు బస్సులు ఆగిపోతాయో, ఎప్పుడు కాలేజీ మూస్తారో తెలియక ఆ వేసవిలోనే ఆమెకొక చిన్న బటన్ల ఫోను కొనిచ్చాం. నెల తిరక్కముందే అది ఆమె ఒంట్లో భాగమయింది. స్నానానికి వెళ్తే పుస్తకాల సంచీ అడుగున, పడుకుంటే దిండు కింద. ఒకరోజు చేతికి చిక్కితే తెరిచి చూశాను. ఒక్క మెసేజ్ లేదు. వచ్చినవి లేవు, పంపినవి లేవు. ఊడ్చి, కడిగి, ముగ్గేసినట్టుంది. ఏదైనా ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు.

"ఏందే, ఒక్క మెసేజ్ గూడ లేదు?"

"రాలే."

"ఇప్పుడే కద ఫోను కూసింది?"

"కంపెనీ మెసేజ్. తీసేసిన."

"కంపెనీ మెసేజ్ సూసి నవ్వుతరా ఎవలన్న?"

"నవ్వితె గూడ నిన్ను అడగాల్నా?"

సమ్మెలో బస్సులన్నీ డిపోలో నిలిచిపోయాయి. మా ఆయన పొద్దున్నే వెళ్లి డిపో ముందు టెంటులో కూర్చొని, అన్నం వేళకు ఇంటికి వచ్చేవాడు. మా వాదన రోజూ ఆ అన్నం దగ్గరే జరిగేది.

"పోరి మనకు తెల్వకుండ ఏందో చేస్తుంది," అనేదాన్ని.

"పదిహేడేండ్ల పిల్ల. అన్నీ మనకు చెప్తదా? నువ్వు చెప్పినవా మీ నాయినకు?"

"నాకప్పుడు ఫోనున్నదా, చెప్పకుండ దాసుకోనీకి?"

"నమ్మాలె. అడ్డమైన పని చెయ్యదు ఆమె. నేను చెప్తున్న కద."

"నువ్వు చెప్తె నేను నమ్మాలె, ఆమె చెప్పకున్న నమ్మాలె. మంచిగుంది నీ లెక్క."

కౌమార దశ గురించి ఒక పుస్తకం చదివి నోట్‌బుక్కులో రాసుకొని ఉన్నాను. అది తెచ్చి ఆయన ముందు పెడదామని వెదికితే నోట్‌బుక్కు మిషను సొరుగులో లేదు. రెండు రోజుల తర్వాత మళ్లీ అక్కడే కనబడింది. సంఘం వాళ్లకు చూపించడానికి ఈయనే తీసుకెళ్లి ఉంటాడనుకున్నాను. తెరిచి చదివి వినిపించాను. ఈ వయసు పిల్లల స్నేహాలను ఒక కంట కనిపెట్టాలని అందులో ఉంది. నాలుగు వాక్యాల కింద, వాళ్ల ఏకాంతాన్ని గౌరవించాలని కూడా ఉంది. నేను మొదటిది చదివి ఆపేశాను. మా ఆయన నోట్‌బుక్కు తన వైపు తిప్పుకొని రెండోది తనే కూడబలుక్కొని చదివాడు.

"మంచి పుస్తకమే. నీకో ముక్క, నాకో ముక్క ఇచ్చింది," అని చెయ్యి కడుక్కున్నాడు.

ఆ వారంలోనే బిడ్డ ట్యూషన్ సారు భార్య కుట్టిన జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చింది. చేతులు వదులైనయని రెండు వంకలు పెట్టి, పోతూ పోతూ అడిగింది. "మీ పాపకు పానం బాగలేదా? పది రోజులసంది వస్తలేదట కద?"

"జరమొచ్చింది," అన్నాను. బిడ్డ కోసం నేను చెప్పిన అబద్ధం అది. దానికి ఆమె నాకు రుణపడి ఉండాలనుకున్నాను, కొట్టినట్టు అడగాలనీ అనుకున్నాను. బిడ్డ ఇంటికి రాగానే అడిగాను.

"ట్యూషన్‌కు పోకుంట ఏడికి పోతున్నవ్?"

"ఆడికి."

"ఆడికంటె?"

"ఆడికే."

"ఏ పోరడే వాడు?"

నవ్వింది. ఆ నవ్వును నేను ఈరోజుకూ మన్నించలేదు. "అమ్మా, గిన్ని పుస్తకాలు సదివినవ్. నీకు గింతకంటె ఎక్కువ తోస్తలేదా?"

సూది వేలిలో దిగినా అంత ఉలిక్కిపడను. ఒక్క మాటతో పన్నెండేళ్ల నా బెంచీ మీదినుంచి నన్ను కిందికి లాగి పడేసింది. ఎక్కడికి వెళ్తోందో నేనే కనిపెడతానని, ఆమెకు నా చదువు ఎంతో చూపిస్తానని అప్పుడే అనుకున్నాను. నిజం చెప్పాలంటే భయం అప్పటికే సగానికి తగ్గింది. మిగతా సగం పౌరుషమే.

గ్రంథాలయానికి వచ్చే ఒక పత్రికలో వారం వారం సెల్‌ఫోను చిట్కాల పేజీ ఉండేది. ఒక ఫోనుకు వచ్చే కాల్స్ అన్నీ ఇంకో ఫోనుకు మళ్లేటట్టు చేయవచ్చని, దాన్ని డైవర్ట్ అంటారని, దానికి ఏ గుర్తులు, ఏ అంకెలు నొక్కాలో అందులో ఇచ్చారు. రాసుకుంటుంటే అక్కడి అటెండరు నవ్వాడు. "ఏందక్కా, సెల్లు దుకాణం పెడుతున్నవా?" నేనూ నవ్వాను. అన్నీ నోట్‌బుక్కులో రాసుకునే నేను ఈ ఒక్కటి మాత్రం చీటీ మీద రాసి జాకెట్లో పెట్టుకున్నాను. నోట్‌బుక్కులో రాయబుద్ధి కాలేదు. అప్పుడే ఆగి ఉండాల్సింది.

మా ఆయనకు చీటీ చూపించాను. చదివి, చెప్పిందంతా విని, పళ్లెం ముందునుంచి లేచాడు.

"గిది దొంగతనం."

"నా బిడ్డ మాట నేను ఇంటె దొంగతనమా?"

"ఆమెకొచ్చే ఫోన్లు నువ్వు గుంజుకుంటె మరేమంటరే? రేపు నిజంగ అవసరమున్న ఫోనొస్తె?"

"పదిహేడేండ్ల పోరికి అవసరమున్న ఫోన్లేముంటయ్? కలెక్టరు ఫోన్ చేస్తడా?"

"తప్పు పని చేస్తలేదు ఆమె. చెప్తున్న కద."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు," అని చెయ్యి కడుక్కొని పోయాడు. ఆ 'తెలుసు' అన్న మాటను పట్టుకొని నేను ఇంకొక్క ప్రశ్న వేసి ఉండాల్సింది. పుస్తకంలో అయితే ఆ మాట కింద గీత గీసుకునేదాన్ని.

మర్నాడు పొద్దున ఆయన టెంటుకు వెళ్లాక బిడ్డ తల స్నానానికి వెళ్లింది. పుస్తకాల సంచీ అడుగునుంచి ఫోను తీసి, చీటీ చూసుకుంటూ నొక్కాను, చివర నా ఫోను నంబరు. తెర మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు వచ్చాయి. ఆ మాత్రం ఇంగ్లీషు కూడా నాకు ఆ బెంచీ మీదే వచ్చింది. పని జరిగిందని అర్థమైంది. ఫోను తీసిన చోట పెట్టి, వచ్చి మిషను ముందు కూర్చున్నాను.

బిడ్డ తెల్ల చున్నీ వేసుకొని బయల్దేరింది. తడి జుట్టు వీపు మీద అట్లాగే వదిలేసింది.

"కాలేజీ బందు కద? ఏడికి?"

"లైబ్రరీకి. నువ్వొక్కదానివే పోవాల్నా?"

తొమ్మిదిన్నరకు మొదటి ఫోను మోగింది. ఒక ఆడపిల్ల గొంతు. "ఏడున్నవే? అందరం వచ్చినం. హలో? మాట్లాడవేందే?" నేను ఊపిరి బిగబట్టి విన్నాను. అటువైపు నుంచి పెట్టేసింది. అందరం అంటే ఎవరో, ఎక్కడికి వచ్చారో తెలియలేదు. ఇంకా వినాలనిపించింది. సిగ్గు కూడా వేయలేదు.

పదిన్నర దాటాక రెండో నంబరు నుంచి వచ్చింది. మగ గొంతు. చిన్న పిల్లవాడిది కాదు, వయసున్నవాడిది. వెనక ఒకటే గోల.

"హలో బేటీ..."

"ఎవలు?"

"బేటీ లేదా? ఫోను ఆమెకియ్యమ్మా, జల్దీ."

"నా బిడ్డను బేటీ అననీకి నువ్వెవనివి?"

"అమ్మా, ముందుగాల ఫోనియ్యి, తర్వాత ఎంతన్న తిట్టు."

"ఇంకోపారి ఫోన్ చేసినవనుకో, పోలీసోళ్లకు పట్టిస్త."

"గా పోలీసోళ్ల గురించే అమ్మా, నేను..."

"ఏందిరా, నన్నే బెదిరిస్తున్నవా?" అని పెట్టేశాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. మా పక్కిల్లు సాయిబుల ఇల్లే. ఆ ఇంటి ఆడవాళ్ల బట్టలు కుట్టేది నేనే. రంజాన్ పండుగకు వాళ్ల సేమియా మా ఇంట్లో తినకుండా గడిచిన ఏడాది లేదు. అయినా ఆ గొంతులోని ఉర్దూ యాస వినగానే నాలో ఏదో పడగ విప్పింది. వేరే యాసలో మాట్లాడి ఉంటే ఇంకొక్క నిమిషం వినేదాన్నేమో. ఇన్ని పుస్తకాలు చదివినా అది నా లోపల ఎక్కడ దాక్కుందో తెలియదు.

రెండోసారి మోగింది. ఎత్తి, అటునుంచి మాట రాకముందే నేనే మొదలుపెట్టాను. నా నోటికి వచ్చిన తిట్లు ఇక్కడ రాయను. "అమ్మా, ఒక్క మాట... మెసేజ్ కొట్టుడు నాకు రాదు, లేకుంటె..." అన్నాడు. పెట్టేశాను. మూడోసారి ఎత్తనే లేదు, నొక్కి కట్ చేశాను. గెలిచినట్టనిపించింది. ఎవడో దొరికాడు, ట్యూషన్ ఎందుకు మానిందో తేలింది, మధ్యాహ్నం అన్నం దగ్గర మా ఆయన ముఖం చూడాలి అనుకుంటూ జాకెట్టుకు కాజాలు కుట్టుకున్నాను.

మా ఆయన అన్నానికి రాలేదు. ఎవరిదో బండి వెనక కూర్చొని పన్నెండు దాటాక వచ్చాడు. దిగకుండానే అన్నాడు, "చెప్పులేసుకో. దవాఖానకు పోవాలె."

రహదారి మీద, చౌరస్తా దగ్గర, ఆ రోజు కాలేజీ పిల్లలు కూర్చోవాలని అనుకున్నారట. ఆడపిల్లలందరినీ సందుల్లోంచి తీసుకొచ్చే పని మా బిడ్డది. పదిన్నరకే చౌరస్తాలో బయటి ఊళ్ల పోలీసు బండ్లు వరుసగా వచ్చి ఆగాయి. ముందు నడిచే పెద్దమనుషులు ఈరోజుకు వద్దని వెనక్కి తగ్గారు. ఆ సంగతి ఆడపిల్లలకు చెప్పాలి. వాళ్లు అప్పటికే బయల్దేరారు. అక్కడున్నవాళ్లలో మా బిడ్డ నంబరు ఒక్కరి దగ్గరే ఉంది, సభలకు మైకుసెట్టు పెట్టే ఆయన దగ్గర.

ఆడపిల్లలు సందులోంచి తిన్నగా పోలీసుల ఎదుటికే వచ్చారు. లాఠీలు లేచాయి. తోపులాటలో బిడ్డ ఇనుప అడ్డుకంచె మీద పడింది, ఆమె మీద ఇంకొందరు పడ్డారు. కుడి మణికట్టు విరిగింది.

దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చొని ఉంది. చెయ్యి ఒళ్లో పెట్టుకొని ఉంది, అది తనది కానట్టు. పక్కన యాభై ఏళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. గడ్డం సగం నెరిసింది, అంగీ భుజం దగ్గర చిరిగింది. మా ఆయన, "మైకుసెట్టు అన్న," అని చెప్పాడు. ఆ మనిషి నోరు తెరవగానే గొంతు గుర్తుపట్టాను. ఆయనా నన్ను గుర్తుపట్టాడు.

"మీరేనా అమ్మా ఫోనెత్తింది?" అన్నాడు. గొంతు పెంచలేదు. జేబులోంచి ఫోను తీసి, చేసిన కాల్స్ జాబితా తెరిచి నా ముందు పట్టాడు. "సూడున్రి, ఇగో. ఎన్నిసార్లు కొట్టిన్నో."

బిడ్డ తలెత్తింది. "నా ఫోను నీకెట్ల వోయింది అమ్మా?"

డైవర్ట్ చేశానన్నాను. అంటే ఏమిటని అడిగింది. నేను వివరించాను. అది నాకు అన్నిటికంటే బాగా గుర్తున్న సంగతి. ఆ వరండాలో, విరిగిన చేతి ముందు నిలబడి, పాఠం చెప్పినట్టు పూర్తి వాక్యాల్లో వివరించాను. ఏ గుర్తు ముందు నొక్కాలో, నంబరు తర్వాత ఏం నొక్కాలో కూడా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"ఏడ నేర్సుకున్నవ్?"

"లైబ్రరీల."

ముఖం గోడ వైపు తిప్పుకుంది.

మైకుసెట్టు ఆయన మా ఇద్దరి మధ్యకు వచ్చాడు. "ఏమన్నగాని అమ్మా, మీ బేటీ మైకు పట్టుకుంటె వకీలు లెక్క మాట్లాడ్తది. గా మూడో అధికరణం సంగతి నోట్‌బుక్కు సూసుకుంట చెప్తుంటె డిపో టెంటు మొత్తం సప్పుడు జెయ్యక ఇంటది."

నోట్‌బుక్కు. డిపో టెంటు. నేను మా ఆయన వైపు తిరిగాను.

"టెంటుల మాట్లాడుతదా? నీ ముందట?"

"ఆ."

"నీకు ముందుగాలనే తెలుసా?"

"తెలుసని చెప్పిన కద."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు పోనిస్తవా?"

అక్కడే, రోగుల మధ్య, ఆయన్ని నేను అన్న మాటలు ఈరోజుకూ వెనక్కి తీసుకోను. రోజూ అన్నం దగ్గర కూర్చొని నాకు నమ్మకం గురించి బోధించిన మనిషి, అంతా కళ్లారా చూస్తూ బోధించాడు. ఆయనది నమ్మకం కాదు, తెలిసినవాడి నిశ్చింత. ఏమీ తెలియకుండా నమ్మమన్నది నన్నొక్కదాన్నే. నేను చేసింది తప్పే, కానీ ఆ తప్పు చేసే మూలకు నన్ను నెట్టింది వాళ్లిద్దరూ కలిసి. ఇది రాస్తుంటే ఆయన మంచం మీద కూర్చొని పేపరు చదువుతున్నాడు. ఈ పేరా చదివి, "రాసుకో," అన్నాడు.

కేసు అయింది. నేను ఏ పేరు స్టేషన్లో ఎక్కకూడదని రెండేళ్లుగా కాపలా కాశానో ఆ పేరు, తండ్రి పేరుతో, వయసుతో సహా ఎక్కింది. రాష్ట్రం వచ్చిన తర్వాత ఆ కేసు ఎత్తేశారు. ఎత్తేసిన దానికి ఆమె ఏమీ సంతోషపడలేదు. నేనే పక్కింటికి చక్కెర పంచాను.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు పొద్దున, కట్టు చెయ్యి మెడకు వేలాడేసుకొని వచ్చి, డైవర్ట్ తీసేసిన ఫోనును ఎడమ చేత్తో తెచ్చి నా మిషను బల్ల మీద పెట్టింది. మెసేజ్‌ల పెట్టె తెరిచి ఉంది.

"సదువుకో అమ్మా," అంది. "నీకు సదువుడంటె ఇష్టం కద."

అప్పటినుంచి రోజూ అదే. పొద్దున్నే ఫోను మిషను మీద పెట్టేది. ఒక్క మెసేజ్ తీసేసేది కాదు. స్నేహితురాళ్లు పంపిన జోకులు, కంపెనీ వాళ్లవి, ఎవరో పంపిన బతుకమ్మ శుభాకాంక్షలు, అన్నీ అట్లాగే ఉంచేది. సాయంత్రం తీసుకుపోతూ, "అయిందా? ఏమన్న డౌట్లున్నయా?" అని అడిగేది. మా ఇంట్లో అంతకంటే పెద్ద తిట్టు ఎవరూ ఎవరినీ తిట్టలేదు. నేను ఆ ఫోను ముట్టుకోకుండా దాని పక్కనుంచి బట్ట జరుపుకుంటూ కుట్టేదాన్ని. రెండు జాకెట్లకు చంకలు తప్పు కత్తిరించాను.

ఫోను ఎత్తిపెట్టమని మా ఆయన ఒకసారి అంటే ఆమె, "ఎందుకు బాపు? సూడనీ. దాసుకునేది ఏముంది?" అంది. దాచుకునేది ఆ తర్వాత నిజంగానే ఏమీ లేదు. ఫోనులో లేదు. ఆమె తన సంగతులు ఫోనులో పెట్టడం మానేసింది. ఎక్కడ పెట్టుకుందో నాకు తెలియలేదు.

కట్టు విప్పిన వారానికి, ఆమె స్నానాల గదిలో ఉండగా మిషను మీది ఫోను మోగింది. మోగి ఆగి మళ్లీ మోగింది. నేను దాన్ని బోర్లా తిప్పి, తెర కనబడకుండా పట్టుకొని వెళ్లి తలుపు కొట్టాను.

"నీకు ఫోనొస్తుంది."

నీళ్ల చప్పుడు ఆగింది. "ఎవలు?"

"సూడలే."

"అబద్ధం."

"సూడలే అంటున్న కద."

"సూడకుంట ఉంటవా నువ్వు?"

ఫోను నా అరచేతిలో వణుకుతూ మోగుతూనే ఉంది. తలుపు సందులోంచి తడి ఎడమ చెయ్యి వచ్చి దాన్ని అందుకుంది. మూసుకునే ముందు ఆమె ఫోనును తువ్వాలుతో తుడుచుకోవడం చూశాను. తుడిచింది తన చేతి తడి కాదు.

మర్నాటినుంచి ఫోను మిషను మీద పెట్టడం మానేసింది. అది రాజీ కాదు. నాకు శిక్ష వేయడం ఆమెకే విసుగొచ్చి ఉంటుంది. మార్చిలో ఆ చేత్తోనే పరీక్షలు రాసింది. పేపరు సగమయ్యేసరికి వేళ్లు తిమ్మిరెక్కేవని, ప్రతి పరీక్షలో ఆఖరి ప్రశ్నలు వదిలేసిందని ఆమె నాకు చెప్పలేదు. పక్కింటావిడ చెప్పింది.

ఇప్పుడు ఆమె హైదరాబాద్‌లో ఉంటుంది. మైకుసెట్టు ఆయన ఒకసారి అన్నట్టుగానే వకీలయింది, నేను అనుకున్న ఆఫీసు గది కాదు. పేరున్న పలక మాత్రం ఉంది. వారానికొకసారి ఫోను చేస్తుంది. ముందు వాళ్ల బాపుతో మాట్లాడుతుంది.

ఈ రాత పూర్తి కావడానికి సాయం చేసినవాళ్ల పేర్లు రాయాలని ఉంది. కానీ ఎవరి పేరూ రాయవద్దని బిడ్డ షరతు పెట్టింది కాబట్టి, వాళ్లను వాళ్లు గుర్తుపట్టేటట్టు మాత్రం చెబుతాను. కాగితాలు ఇచ్చి, 'స్త్రీలకు' బెంచీ మీద ఫ్యాను తిప్పి పెట్టిన అటెండరుకు. తన మీద రాసిన మాటలు చదివి కూడా రాసుకో అన్న మా ఆయనకు. తిట్లు తిని, ఆ సాయంత్రమే చిరిగిన అంగీతో మా ఇంటికి వచ్చి బిడ్డ సంచీ అప్పగించి, నేను ఇచ్చిన చాయ్ తాగిపోయిన మైకుసెట్టు అన్నకు. ఆయన ఇప్పుడు లేడు. ఆ చాయ్ తాగినప్పుడు క్షమించమని అడగలేదు నేను. చక్కెర సరిపోయిందా అని మాత్రం అడిగాను.

ఆఖరున బిడ్డకు. అచ్చుకు ఇచ్చేముందు తనకు చూపించాలన్నది ఆమె రెండో షరతు. ప్రతి పేజీకి ఫొటో తీసి పంపాను. రెండు చోట్ల కొట్టేసింది, అవి తీసేశాను. ఇంకొక చోట కొట్టేయలేదు, సరిదిద్దింది. మూడోసారి కట్ చేశానని నేను రాసిన వాక్యం పక్కన రాసింది, 'మూడు కాదు, నాలుగు. నేను ఆయన ఫోన్ల చూసిన.'

ఆమె రాసిందే నిజం. నేను మరిచిపోయి వదలలేదు. నాలుగోసారి ఫోను మోగేసరికి రోడ్డు వైపునుంచి ఈలలు, దుకాణాల షట్టర్లు దబదబా దించుతున్న చప్పుడు వినబడుతున్నాయి. ఆ మనిషి పోలీసుల గురించి ఏదో అన్నాడని అప్పుడు గుర్తొచ్చింది. కాజా కుడుతున్న చెయ్యి ఆగింది. ఎత్తితే నేను తప్పని తేలుతుందని తెలిసింది. కుట్టవలసిన జాకెట్టు గుడ్డలు తీసి ఆ ఫోను మీద కప్పాను. అది ఆగేదాకా కూర్చున్నాను.

ఆ లెక్క సరిచేసినందుకు ఆమెకు కృతజ్ఞతలు.